ఇంగ్లిష్‌లో డిగ్రీ: చేరే ముందు, చేరిన తరువాత వేసుకోవలసిన లెక్కలు

ప్రతి ఏటా డిగ్రీ ప్రవేశాల కాలంలో కళాశాలకు వచ్చే తల్లిదండ్రులలో కొందరు ఒకే మాటతో మొదలుపెడతారు: “మా అమ్మాయికి ఇంగ్లిష్ బాగా రావాలండీ, అందుకే ఇంగ్లిష్ సబ్జెక్టు ఉన్న డిగ్రీలో చేర్పిద్దామనుకుంటున్నాం.” ఆ కోరికలో తప్పేమీ లేదు గాని, ఆ చదువు ఏమిటన్న విషయంలో పొరపాటు ఉంది. బీఏలో ఇంగ్లిష్‌ను ప్రధాన సబ్జెక్టుగా తీసుకోవడమంటే మూడేళ్లపాటు స్పోకెన్ ఇంగ్లిష్ తరగతికి వెళ్లడం కాదు. పద్నాలుగో శతాబ్దపు చాసర్ మొదలుకొని నేటి భారతీయ ఇంగ్లిష్ రచయితల వరకు సాగే సాహిత్యాన్ని, ఆ భాష నిర్మాణాన్ని, ధ్వనులను, సాహిత్య విమర్శ పద్ధతులను చదవడం. ఆ క్రమంలో మాట్లాడటమూ మెరుగుపడుతుంది, అయితే దానంతట అది కాదు. ధారాళంగా మాట్లాడగలిగితే చాలుననుకునేవారు బీకామో బీఎస్సీయో చదువుతూ రోజుకొక గంట సాధన చేసుకోవడమే మేలు, అందుకోసం షేక్‌స్పియర్‌ను బాధపెట్టనక్కరలేదు.

చేరాలా వద్దా అన్న సందేహం ఉన్నవారికి నేను చెప్పే పరీక్ష ఒకటే. ఇంటర్ పరీక్షలు ముగిశాక దొరికే సెలవుల్లో, సంక్షిప్తం చేయని ఇంగ్లిష్ నవల ఒకటి, రెండు వందల పుటలకు మించనిది, తీసుకుని నెల రోజుల్లో పూర్తిచేయాలి. సగం మాటలు తెలియకపోయినా పరవాలేదు. కథ ఎటు పోతుందోనన్న ఆసక్తి మాటలు తెలియని ఇబ్బందిని మించిందా లేదా అన్నది మాత్రం నిజాయితీగా చూసుకోవాలి. మించితే తెలుగు మీడియంలో చదివినవారైనా నిస్సంకోచంగా చేరవచ్చు. నెల తరువాత కూడా ఇరవయ్యో పుట దగ్గరే ఉన్నవారు, ఇంటర్‌లో ఇంగ్లిష్ మార్కులు తొంభై దాటినా సరే, మరొకసారి ఆలోచించుకోవాలి.

మార్కుల మెమో మీద ఏమి ఉంటుంది?

ప్రణాళిక వేసుకునేటప్పుడు చాలామంది చివర చూసుకునే విషయాన్ని మొదట చూసుకోవాలి. మన డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లిష్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి జనరల్ ఇంగ్లిష్: బీఏ, బీకాం, బీఎస్సీ అన్న భేదం లేకుండా అందరూ తప్పనిసరిగా చదివేది. రెండవది ఆప్షనల్‌గానో మేజర్‌గానో తీసుకునేది. దీనిని కొన్నిచోట్ల స్పెషల్ ఇంగ్లిష్ అని, మరికొన్నిచోట్ల ఇంగ్లిష్ లిటరేచర్ అని పిలుస్తారు. మొదటిది చదివి “నేనూ ఇంగ్లిష్ చదివాను” అనుకున్నవారు ఉపాధ్యాయ ఉద్యోగాల దరఖాస్తు నింపే రోజున చిక్కుల్లో పడతారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకు డిగ్రీలో ఇంగ్లిష్ ఒక ఆప్షనల్ సబ్జెక్టుగా ఉండాలి, లేదా ఎంఏ ఇంగ్లిష్ ఉండాలి. దానిమీద బీఈడీలో ఇంగ్లిష్ మెథడాలజీ, అంటే ఇంగ్లిష్ బోధనా పద్ధతుల సబ్జెక్టు, కూడా ఉండాలి. బీఈడీ ప్రవేశ పరీక్ష అయిన ఎడ్‌సెట్‌లో ఇంగ్లిష్ మెథడాలజీ సీటు అడగడానికీ ఇదే తరహా షరతు వర్తిస్తుంది. కేంద్రీయ విద్యాలయాల టీజీటీ (హైస్కూలు తరగతుల ఉపాధ్యాయుడు) ఇంగ్లిష్ ప్రకటనల్లోనైతే డిగ్రీ అన్ని సంవత్సరాలూ ఇంగ్లిష్ చదివి ఉండాలన్న మాట కనిపిస్తుంది. కాబట్టి బడిపంతులు ఉద్యోగం మీద ఏ కొంచెం ఆశ ఉన్నా, చేరబోయే కోర్సులో ఇంగ్లిష్ సాహిత్యం పేపర్లు ఎన్ని సెమిస్టర్లలో ఉన్నాయో, మెమో మీద ఆ సబ్జెక్టు ఏ పేరుతో ముద్రితమవుతుందో కళాశాల కార్యాలయంలో అడిగి, వీలైతే సీనియర్ విద్యార్థి మెమో ఒకటి కళ్లారా చూసి మరీ చేరాలి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు. కొన్నేళ్ల తరువాత సర్టిఫికెట్ల పరిశీలనలో కూర్చున్న అధికారి దానికన్నా పెద్ద చాదస్తుడై ఉంటాడు.

ఇంగ్లిష్‌తో కలిసి ఏ సబ్జెక్టులు తీసుకోవాలన్నది తరువాతి ప్రశ్న. చరిత్ర, రాజనీతి శాస్త్రం, జర్నలిజం, సైకాలజీ, తెలుగు సాహిత్యం వంటివి కళాశాలను బట్టి దొరుకుతాయి. నా అభిప్రాయంలో ఇంగ్లిష్ సాహిత్యానికి చరిత్రను మించిన తోడు లేదు. పారిశ్రామిక విప్లవం గురించి ఏమీ తెలియకుండా పందొమ్మిదో శతాబ్దపు నవల చదవడం, నీటిపారుదల తెలియకుండా వ్యవసాయం చేయడం లాంటిది. పోటీ పరీక్షలకూ చరిత్ర, రాజనీతి శాస్త్రం నేరుగా పనికివస్తాయి. పత్రికలు, ప్రకటనలు, వీడియోల వైపు మొగ్గు ఉన్నవారికి జర్నలిజం మంచిదే. తెలుగు సాహిత్యాన్ని కలిపి తీసుకునే అవకాశం దొరికితే మాత్రం వదులుకోవద్దు. దాని ప్రయోజనం ఏమిటో కింద అనువాదం దగ్గర చెబుతాను.

మూడేళ్లా, నాలుగేళ్లా అన్నది కూడా ఇప్పుడే నిర్ణయించుకోవలసిన విషయం. విశ్వవిద్యాలయాల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన క్రెడిట్ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు (బోధన గంటల కొలత) ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఒక మైనర్ (ఉప సబ్జెక్టు) పద్ధతి మొదలైంది. ఇలాంటి ఏర్పాట్లు మారుతూ ఉంటాయి కనుక, అన్నయ్య చదివిన పద్ధతే తమ్ముడికీ ఉంటుందనుకోకుండా చేరే ఏటి నిబంధనలనే చూసుకోవాలి. బీఈడీకో, లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకో వెళ్లదలచినవారికి మూడేళ్లు చాలు. పరిశోధన వైపు వెళ్లదలచినవారికి నాలుగో ఏడు దండగ కాదు: నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు ఎంఏ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి పోటీ పడవచ్చు, ఎంఏ చేయదలచుకుంటే ఒక్క ఏడాదిలో ముగించే వీలూ ఉంది. అమెరికాలో ఎంఏకు దరఖాస్తు చేసేటప్పుడు కొన్ని విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీనే అడుగుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఎక్కడ చేరాలి?

తెలంగాణలో ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, పాలమూరు, మహాత్మాగాంధీ, శాతవాహన విశ్వవిద్యాలయాల పరిధిలోని డిగ్రీ సీట్లు 2016 నుంచి డోస్ట్ అనే ఆన్‌లైన్ ప్రవేశ విధానం ద్వారా నిండుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాలు నిర్వహిస్తుంది. రెండింటిలోనూ వెబ్ ఆప్షన్లు పెట్టుకునే వరుసే ప్రాణం. కళాశాల పేరు చూసి ఆప్షన్ పెట్టి, సబ్జెక్టుల కలయిక చూసుకోక, సీటు వచ్చాక “ఇందులో ఇంగ్లిష్ లేదే” అని వాపోయేవారు ప్రతి ఏటా ఉంటారు. ముందుగా ఇంగ్లిష్ మేజర్‌గా ఉన్న కలయికలన్నీ కాగితం మీద రాసుకుని, వాటిలో రాకపోకలకు వీలైనవి, ఇంగ్లిష్ శాఖలో పూర్తికాలపు అధ్యాపకులు ఉన్నవి వేరు చేసి, ఆ తరువాతే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అధ్యాపకుల సంగతి ఎలా తెలుస్తుందంటే, ఒకరోజు కళాశాలకు వెళ్లి రెండో ఏడాది విద్యార్థులను ముగ్గురిని అడిగితే తెలుస్తుంది. గ్రంథాలయంలో గైడ్లు కాక మూలగ్రంథాలు ఎన్ని ఉన్నాయో కూడా అదే రోజు చూసి రావచ్చు.

కేంద్ర విశ్వవిద్యాలయాల మీద ఆశ ఉన్నవారు ఇంటర్ రెండో ఏడాదిలోనే సిద్ధం కావాలి. 2022లో మొదలైన ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా ఢిల్లీ విశ్వవిద్యాలయం వంటివి బీఏ ఆనర్స్ ఇంగ్లిష్ సీట్లు ఇస్తాయి. దరఖాస్తులో ఎంచుకునే పేపర్లలో ఇంగ్లిష్ తప్పక ఉండాలి, మిగిలినవి ఆయా విశ్వవిద్యాలయం అడిగే కలయికకు సరిపోవాలి. పరీక్ష బాగా రాసి కూడా పేపర్ల ఎంపికలో తప్పినందువల్ల సీటు పోగొట్టుకోవడం కన్నా విచారకరమైనది లేదు. ఇంగ్లిష్ చదవాలనుకునే తెలుగువారికి ఇంటి ముంగిటే ఉన్న సంస్థ హైదరాబాద్‌లోని ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 1972లో విదేశీ భాషలను కూడా కలుపుకొని సీఫెల్‌గా మారి, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. దానికి షిల్లాంగ్‌లో, లక్నోలో కూడా ప్రాంగణాలు ఉన్నాయి. బీఏ ఆనర్స్ ఇంగ్లిష్ ప్రవేశం ఏ పరీక్ష ద్వారా జరుగుతుందన్నది ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి.

ఉద్యోగం చేస్తూ చదవవలసినవారికి 1982లో స్థాపితమైన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే నేటి అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, 1985 నాటి కేంద్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో ఉన్నాయి. ఇగ్నో పాఠ్యపుస్తకాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇగ్నో ఆన్‌లైన్ భాండాగారమైన ఈజ్ఞానకోశ్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి, రెగ్యులర్ కళాశాలల విద్యార్థులకూ వాటికన్నా మంచి పరిచయ పాఠాలు తక్కువ.

చదువును రోజులకు పంచడం

సీటు వచ్చాక అసలు ప్రణాళిక మొదలవుతుంది. ఒక క్రెడిట్ అంటే పదిహేను గంటల బోధన. నాలుగు క్రెడిట్ల పేపరుకు అరవై గంటలు, అంటే సెమిస్టర్‌లో వారానికి సుమారు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో అధ్యాపకుడు మూడు వందల పుటల నవలను తరగతిలో చదివి వినిపించలేడు. ఆయన దారి చూపుతాడు, నడక మనదే. సిలబస్ చేతికి వచ్చిన రోజునే అందులోని మూలగ్రంథాలను జాబితా రాసి, పుటలు లెక్కపెట్టి, రోజులకు పంచుకోవాలి. మూడు వందల పుటల నవల రోజుకు పది పుటల చొప్పున నెల రోజుల పని. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు మొదటి సెమిస్టర్‌లో రోజుకు నాలుగు పుటలతో మొదలుపెట్టినా సిగ్గుపడనక్కరలేదు, అయితే ఆ నాలుగూ ఆదివారం కూడా చదవాలి. మొదటి ఏడాది చివరికి నాలుగు పది కాకపోతే అప్పుడు ఆందోళన పడవచ్చు.

బజారులో దొరికే గైడ్ల గురించి నీతులు చెప్పను. పరీక్షకు ముందు వారం అందరమూ చూసినవాళ్లమే. కాని మూలం చదవకముందు గైడు చదివినవారికి ఆ గ్రంథం జీవితాంతం గైడుగానే గుర్తుంటుంది. మూలం ముందు, ఈజ్ఞానకోశ్‌లోనో పీజీ పాఠాల వెబ్‌సైట్ అయిన ఈపీజీ పాఠశాలలోనో ఉన్న పాఠం తరువాత, గైడు చివర. ఈ వరుస తప్పకపోతే గైడు వల్ల నష్టం లేదు. పుస్తకాలకు డబ్బు లేదన్న బెంగ కూడా అక్కరలేదు: మన దేశంలో కాపీరైట్ రచయిత మరణించిన తరువాత అరవై ఏళ్ల వరకే ఉంటుంది కాబట్టి, సిలబస్‌లోని పాత రచనలలో అత్యధిక భాగం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వంటి ఉచిత పుస్తకాల వెబ్‌సైట్లలో ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతుంది. వ్యాఖ్యలు, అర్థాలు ఉన్న ముద్రణ మాత్రం షేక్‌స్పియర్ నాటకాలకు తప్పనిసరిగా కొనుక్కోవాలి, లేదా గ్రంథాలయంలో తీసుకోవాలి.

మాటల పుస్తకం రాసుకునే పద్ధతిలో ఒక చిన్న మార్పు సూచిస్తాను. కొత్త మాటకు ఎదురుగా తెలుగు అర్థం రాయడం మనందరికీ అలవాటు. దానికి బదులు ఆ మాట వచ్చిన వాక్యం మొత్తాన్ని రాసుకుని, కింద అదే మాటతో సొంత వాక్యం ఒకటి రాయాలి. రోజుకు అయిదు మాటలు చాలు. మన తెలుగులో ఇంగ్లిష్ ఆర్టికల్స్‌కు (a, an, the) సమానమైనవి లేవు కనుక, వాటిని సూత్రాలుగా బట్టీపట్టడం కన్నా ఇలా వాక్యాలు ఎత్తిరాయడం వల్లే అవి చేతికి పట్టుబడతాయి.

ఛందస్సు పాఠం వచ్చినప్పుడు తెలుగు విద్యార్థులు భయపడటం నాకు వింతగా ఉంటుంది. బడిలో ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అని గణవిభజన చేసినవారికి ఇంగ్లిష్ ఛందస్సు చిన్న పని. వారి అయాంబిక్ పెంటామీటర్ అంటే, లఘువు తరువాత గురువు వచ్చే మన వగణం వంటిది అయిదుసార్లు రావడమే. తేడా అంతా గురులఘువులను నిర్ణయించే పద్ధతిలో ఉంది: మనం ఉచ్చారణ కాలాన్ని కొలుస్తాం, వారు అక్షరం మీద పడే ఊనికను చూస్తారు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని తెలుగును వదిలేసినవారు కూడా పదో తరగతి వ్యాకరణం పుస్తకం తిరగేస్తే ఈ పాఠం సగం వచ్చినట్టే.

ఆ ఊనికే ఉచ్చారణ పాఠంలోనూ కీలకం. ఫొటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీ అన్నప్పుడు రెండో దాని మీద, ఫొటోగ్రాఫిక్ అన్నప్పుడు మూడో దాని మీద ఊనిక పడుతుంది. మన నోట మూడూ సమానంగా పలుకుతాయి. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతోనో సున్నతోనో ముగుస్తాయి, అందువల్ల వారి బస్ మనకు బస్సు అయింది, కార్ కారు అయింది. ఇది తప్పు కాదు, మన భాష స్వభావం. అయితే ధ్వనిశాస్త్రం పేపర్లో ఇంగ్లిష్‌లోని నలభై నాలుగు ధ్వనుల పట్టికను బట్టీపట్టి పరీక్ష రాసి ఊరుకోకుండా, రోజూ పది నిమిషాలు పెద్దగా చదివి, ఫోన్‌లో రికార్డు చేసి, తన గొంతు తానే వినేవారికి ఈ తేడాలు చెవికి తెలుస్తాయి. మొదటి వారం ఎవరి గొంతు వారికి నచ్చదు, అది మామూలే.

రాయడం విషయంలో ఒకే సూచన: వారానికొక పుట, సొంతంగా, చదివిన దాని మీద. ఆ పుటలో కథ చెప్పకూడదు. ఒక పాత్ర ఫలానా చోట అలా ఎందుకు మాట్లాడింది, ఒక పద్యంలో ఫలానా మాట బదులు మరొకటి ఉంటే ఏమయ్యేది వంటి ఒక్క ప్రశ్నకు సమాధానం మాత్రమే రాయాలి. చాట్‌బాట్‌తో రాయించి చదువుకునే విద్యార్థులు ఇప్పుడు ఎక్కువయ్యారు. తాము రాసినదాన్ని దానికి చూపించి తప్పులు అడగడంలో దోషం లేదు, దానిచేత రాయించుకుంటే మాత్రం ఈ మూడేళ్లలో నేర్చుకోవలసిన ఒకే ఒక పనిని పరాయివారికి అప్పగించినట్టే.

ఇక అనువాదం. రెండు భాషలు తెలిసిన విద్యార్థికి ఉన్న సొత్తు ఇదే, అయినా చాలామంది దాన్ని లోపంగా దాచుకుంటారు. సి. పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఇంగ్లిష్ అనువాదంతో అచ్చువేయించాడు. అందులో ఒక పద్యం ఎంచుకుని, బ్రౌన్ అనువాదం చూడకుండా ముందు తానే ఇంగ్లిష్ చేసి, ఆ తరువాత పోల్చుకోవాలి. ఆటవెలది నడకను ఆయన ఎక్కడ వదిలేశాడో, ఏ సామెతకు తలవంచాడో, ఎక్కడ మనం ఆయనకన్నా బాగా చేశామో తెలుస్తుంది. రెండో ఏడాది నుంచి నెలకు ఇలాంటివి రెండు చేసి తేదీ వేసి దాచుకోవాలి. తెలుగు సాహిత్యాన్ని రెండో సబ్జెక్టుగా తీసుకొమ్మన్నది ఇందుకే.

మూడో ఏడాదికి ముందే

చివరి ఏడాది మొదలయ్యేసరికి తరువాతి అడుగు తేలి ఉండాలి. ఎందుకంటే ప్రవేశ పరీక్షల దరఖాస్తులు ఆఖరి సెమిస్టర్ పరీక్షల ముందే వచ్చిపోతుంటాయి. ఎంఏకు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ రాయాలి. బీఈడీకి రెండు రాష్ట్రాల్లో వేరువేరు ఎడ్‌సెట్‌లు. రెండేళ్ల బీఈడీ తరువాత టెట్, ఆపైన డీఎస్సీ అన్నది ఉపాధ్యాయుల దారి. జూనియర్ కళాశాలలో చెప్పాలంటే ఎంఏలో సగం మార్కులైనా ఉండాలి. డిగ్రీ కళాశాలలో చెప్పాలంటే ఎంఏలో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం, దానితోపాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) కావాలి. నెట్ పరీక్ష మూడు గంటల్లో 150 ప్రశ్నలు: 50 బోధన, తర్క సామర్థ్యాల మీద, 100 ఇంగ్లిష్ మీద. ఆ వంద ప్రశ్నలు సాహిత్య చరిత్ర అంతటినీ తడుముతాయి కనుక, డిగ్రీ మొదటి ఏడాది నుంచే గోడకు ఒక కాలపట్టిక అంటించుకుని, చదివిన ప్రతి గ్రంథాన్నీ దాని ఏడాది దగ్గర రాసుకుంటూ పోయినవారికి ఎంఏ తరువాత ప్రత్యేకంగా కోచింగ్ అవసరం పడకపోవచ్చు. ఇంటర్ తరువాత నేరుగా ఉపాధ్యాయ విద్యలో చేరదలచినవారికి 2023-24లో మొదలైన నాలుగేళ్ల ఐటెప్ కోర్సు (డిగ్రీ, బీఈడీ కలిసినది) మరో దారి, దానికి ఎన్‌సెట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి.

సివిల్స్ ఆలోచన ఉన్నవారికి ఇంగ్లిష్ సాహిత్యం మెయిన్స్ ఆప్షనల్స్‌లో ఒకటి. నిజం చెప్పాలంటే దాని సిలబస్ విస్తారమైనది, ఆ ఒక్క కారణం చాలదు.

ప్రైవేటు ఉద్యోగాల్లో పుస్తక ప్రచురణ, టెక్నికల్ రైటింగ్, సబ్‌టైటిల్స్, అనువాదం వంటి చోట్ల డిగ్రీ పేరుకన్నా చేసిన పనినే అడుగుతారు. యంత్రాలు చేసిన తొలి అనువాదాన్ని సరిదిద్దే పని ఇప్పుడు పెరుగుతోంది, ఆ పనికి రెండు భాషల నుడికారమూ తెలిసిన మనిషి కావాలి. అలాంటి ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు రెండో ఏడాది నుంచి తేదీలు వేసి దాచుకున్న ఆ అనువాదాలలో ఏడెనిమిది, వారంవారం రాసిన పుటలలో నాలుగు ఎంచి, శుభ్రంగా టైపు చేసి, ఒక ఫైలులో పెట్టుకుని వెళ్లాలి. మార్కుల మెమో ఆ ఫైలులో చివరి కాగితంగా ఉంటే చాలు.